చూడని చుట్టము

అది 1981వ సంవత్సరము, మే నెల. తెలుగు పండిత శిక్షణ ముగించుకొని నేను ఇంటివద్ద ఉంటిని. కోనసీమలో ముక్తేశ్వరము రేవునకు క్రోసెడు దూరమున ఉన్న పల్లె మాది. మా అమ్మ ఆ ఊరి ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలు. వేసవి సెలవులు గనుక ఆమెయు ఇంటనే ఉండెను. ప్రొద్దుటిపూట అరుగుమీద కూర్చుండి, చేటలో బియ్యము పోసికొని రాళ్లు ఏరుచుండెను. గూటిలోని రేడియో వార్తలు చెప్పుచుండెను.

శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ మే 9వ తేదీన కన్నుమూసినట్లు ఆ వార్తలలో చెప్పిరి. మా అమ్మ చేతులు ఆగిపోయినవి. కొంతసేపు చేటవైపు చూచుచు అట్లే కూర్చుండెను. పిమ్మట లేచి, నూతి దగ్గరకు పోయి, రెండు చేదల నీళ్లు తోడి, కట్టుకొన్న చీరతోనే తలమీదుగా పోసికొనెను. దగ్గరి బంధువు పోయిన కబురు విన్నప్పుడు మా వైపు చేయు స్నానమది.

ప్రక్క ఇంటి పెద్దావిడ గోడమీదుగా చూచి కంగారుపడి, "ఎవరు పోయారమ్మా? దగ్గర చుట్టమా?" అని అడిగెను.

"అవును పిన్నిగారూ, దగ్గర చుట్టమే" అని మా అమ్మ బదులు చెప్పెను.

దుర్గాబాయమ్మగారికిని మాకును ఏ చుట్టరికమును లేదు. మా అమ్మ ఆమెను ఒక్కనాడైనను కన్నులార చూచి ఎరుగదు. ఆమె వ్రాసిన ఉత్తరము గాని, ఆమె చేతి రూపాయి గాని మా ఇంటికి రాలేదు. అట్టిచో ఈ స్నానము ఎందులకు? ఆ ప్రశ్న వెంటనే అడుగుటకు నాకు నోరు రాలేదు. ఏలయన, ఆ పేరుమీద నా మనస్సులో చిన్ననాటి కోపము ఒకటి దాగి ఉండెను. ముందుగా దానిని గూర్చి చెప్పవలెను.

నాకు మూడేండ్లు నిండునప్పటికి మా నాన్న విషజ్వరముతో పోయెను. అప్పటికి మా అమ్మకు ఇరువదిరెండేండ్లు. అయిదవ తరగతితోనే ఆమె చదువు ఆగిపోయినది. నన్ను చంకనెత్తుకొని ఆమె పుట్టిల్లు చేరెను. మా మేనమామలు చెడ్డవారు కారు. కాని, ఎంత మంచివారి ఇంటనైనను ఒకరు పెట్టగా తినవలసిన బ్రతుకు బ్రతుకే కదా! తెల్లవారినది మొదలు ప్రొద్దుగూకువరకు ఆమె ఆ ఇంటి వంటయు, పాడియు, పిల్లల ఆలనయు చూచుకొనుచుండెను.

1961లో ఒక గ్రామసేవిక మా ఊరు వచ్చెను. చదువు మధ్యలో మానిన పెద్దవయసు స్త్రీలకొరకు కేంద్ర సాంఘిక సంక్షేమ మండలివారు క్రొత్త చదువు ఒకటి ఏర్పాటు చేసిరని ఆమె చెప్పెను. కాకినాడలో ఒక మహిళా సంస్థవారు వసతిగృహములో ఉంచి, అన్నము పెట్టి, పాఠములు చెప్పి, రెండేండ్లలో మెట్రిక్ పరీక్షకు పంపుదురట. ఆ మాట విన్ననాటి నుండి మా అమ్మకు నిద్ర లేదు. "ఈ వయసులో పలకా బలపమా? పిల్లవాడి గతేమిటి?" అని మేనమామలు అడ్డుపెట్టిరి. మా అమ్మమ్మ మాత్రము, "వాణ్ణి నేను చూసుకుంటాను. నువ్వు వెళ్లమ్మా" అనెను.

ముక్తేశ్వరము రేవులో పంటి ఎక్కి, గౌతమిని దాటి, ఆవలి ఒడ్డున కోటిపల్లిలో కాకినాడ బస్సు పట్టుకొనవలెను. నేను అమ్మమ్మ చేయి పట్టుకొని రేవులో నిలిచి గుక్కపట్టి ఏడ్చితిని. పంటి కదలినది. మా అమ్మ వెనుదిరిగి చూడలేదు. నన్ను చూడనైనను చూడకుండ పోయినదని ఆనాడు నా చిన్న మనస్సు అనుకొనెను.

అల్లరి చేసిన పిల్లలను బూచివాడు ఎత్తుకొనిపోవునని పెద్దలు బెదిరింతురు. నాకు వేరే బూచివాడు అక్కరలేకపోయెను. "దుర్గాబాయమ్మ పెట్టిన చదువుకు వెళ్లింది" అని ఊరివారు మా అమ్మను గూర్చి చెప్పుకొనెడివారు. పిల్లల నుండి అమ్మలను ఎత్తుకొనిపోవు దుర్గాబాయమ్మ అను ఆమె కాకినాడలో కలదని నేను నమ్మితిని. ఎన్నో రాత్రులు ఆ పేరు తలచుకొని దుప్పటి ముసుగులో ఏడ్చితిని.

రెండేండ్లకు అమ్మ తిరిగి వచ్చెను. పరీక్షలో నెగ్గెను. తరువాత ఉపాధ్యాయ శిక్షణ పొంది ఉద్యోగమున చేరెను. మేనమామల ఇంటినుండి మేము రెండు గదుల తాటాకు ఇంటికి మారితిమి. ఆ ఇంటి అన్నము తిని, ఆమె జీతముతో చదువుకొని నేను పెద్దవాడనైతిని. అయినను, రేవులో నిలిచి ఏడ్చిన ఆ నాలుగేండ్ల పిల్లవాడు నాలో ఎక్కడనో అలిగి కూర్చుండియే ఉండెను.

ఆనాటి రాత్రి భోజనమువేళ ధైర్యము చేసి అడిగితిని. "అమ్మా, ఆవిడ మనకేమవుతుందని స్నానం చేశావు?"

మా అమ్మ నవ్వలేదు, కోపగింపలేదు. కరెంటు పోయి ఉండుటచే, లాంతరు వత్తి కొంచెము పెంచి, దుర్గాబాయమ్మగారి కథ చెప్పసాగెను. ఆమె చెప్పినదియు, తరువాత నేను పుస్తకములలో చదివి తెలిసికొన్నదియు కలిపి మీకు చెప్పెదను.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ ఏట ఆమెకు వివాహము చేసిరి. బొమ్మల పెండ్లికిని నిజమైన పెండ్లికిని భేదము తెలియని వయస్సది. ఊహ తెలిసిన పిమ్మట ఆ కాపురమునకు పోనని ఆమె నిశ్చయముగా చెప్పెను. తండ్రియు, సోదరుడును ఆమెను బలవంతపెట్టక అండగా నిలిచిరి. జాతీయోద్యమపు గాలి ఆ ఇంట చిన్ననాటనే సోకినది. దుర్గాబాయి ఇంగ్లీషు బడి మాని, హిందీ నేర్చుకొని, తాను నేర్చినదానిని ఇతరులకు చెప్పుటకై బాలికా హిందీ పాఠశాలను నెలకొల్పెను.

1921లో గాంధీమహాత్ముడు కాకినాడకు వచ్చుచున్నాడని తెలిసినది. అప్పటికి దుర్గాబాయికి ఇంకను పండ్రెండేండ్లు నిండలేదు. సంఘము చిన్నచూపు చూచు దేవదాసీలును, పరదా చాటున ఉండు ముస్లిం స్త్రీలును గాంధీజీ మాటలు వినవలెనని ఆమెకు కోరిక పుట్టెను. పెద్దల సభలకు వారు రాలేరు. కనుక వారికి వేరుగా సభ జరుగవలెను. అయిదువేల రూపాయల నిధి సమకూర్చినచో చూతమని నిర్వాహకులు చెప్పిరి. అంత సొమ్ము ఒక చిన్నపిల్ల తేలేదని వారు తలచిరి కాబోలు. ఆ స్త్రీలే ముందునకు వచ్చి ఆ ధనము సమకూర్చిరి. అయిదు నిమిషములకని ఒప్పుకొన్న ఆ సభలో గాంధీజీ చాలసేపు మాటలాడెను. ఆయన హిందీలో చెప్పిన మాటలను దుర్గాబాయియే తెలుగులో చెప్పెను. స్త్రీలు ఒంటిమీది నగలు ఒలిచి దేశసేవకు ఇచ్చిరి. దుర్గాబాయియు తన చేతి గాజులు తీసి ఇచ్చెను.

1923లో కాకినాడలోనే కాంగ్రెసు మహాసభలు జరిగినవి. అచ్చటి ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమువద్ద దుర్గాబాయిని స్వచ్ఛంద సేవికగా నిలిపిరి. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. ఇంతలో జవహర్‌లాల్ నెహ్రూ వచ్చెను. ఆయన చేతిలో టిక్కెట్టు లేదు. పదునాలుగేండ్ల బాలిక ఆయనను ద్వారమువద్దనే ఆపెను. నిర్వాహకులు పరుగున వచ్చి ఆమెను మందలించిరి. ఆమె చలింపలేదు. వారు టిక్కెట్టు తెచ్చిన పిమ్మటనే ఆమె దారి ఇచ్చెను. నెహ్రూ కోపింపకపోగా ఆమె కర్తవ్యనిష్ఠను మెచ్చుకొనెను. బాలబాలికలారా, ఈ కథను బాగుగా జ్ఞాపకముంచుకొనుడు. దీనితో నాకు తరువాత పని కలదు.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. దుర్గాబాయి మదరాసులో సత్యాగ్రహులను నడిపించి చెరసాలకు పోయెను. 1930 మొదలు 1933 వరకు మూడుసార్లు ఆమె కారాగారవాసము చేసెను. మధుర జైలులో ఆమెను ఒంటరి గదిలో ఉంచిరి. ఉరిశిక్ష పడిన ఖైదీల గదులు ఆ చేరువనే ఉండెడివి. అచ్చట ఆమె ఆరోగ్యము చెడినది. కాని, చెరసాలలో ఆమె మనస్సును కలచినది తన బాధ కాదు. తమపై మోపిన నేరమేమో, తాము వ్రేలిముద్ర వేసిన కాగితమున ఏమున్నదో ఎరుగని నిరక్షరాస్యలైన స్త్రీలు ఎందరో ఆమెకు అచ్చట కనబడిరి. వారి పక్షమున మాటలాడువారు లేరు. తాను న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె అచ్చటనే నిశ్చయించుకొనెను.

నిశ్చయించుకొనుట సులభమే. కాని, ఆమె చిన్ననాటనే బడి మానినది గదా! ఇరువదియైదేండ్ల ప్రాయమునకు అటునిటుగా అక్షరముల యుద్ధమును మరల మొదటినుండి సాగింపవలసి వచ్చెను. ఇంటివద్ద చదివి, కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్ పరీక్షలో నెగ్గెను. పై చదువునకు విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు పోగా, స్త్రీలకు అచ్చట వసతిగృహము లేదనిరి. ఆమె వెనుకకు తిరుగలేదు. వసతి ఉన్నచో చదువుకొనగోరు బాలికలు ఎవరెవరు కలరో తెలియవలెనని పత్రికలలో ప్రకటించెను. తనవంటి వారిని కొందరిని కూర్చుకొని వసతిగృహమును తానే నడిపెను. బి.ఏ. ఆనర్సు ముగించి, 1942లో మదరాసులో న్యాయశాస్త్ర పట్టమును పొంది, న్యాయవాదిగా నిలిచెను.

తాను చదువుకొనుచున్న ఆ సంవత్సరములలోనే ఆమె మరియొక పని చేసెను. మదరాసు మైలాపూరులో చుట్టుప్రక్కల బాలికలను చేరదీసి ఆటపాటలు నేర్పెను. ఆ చిన్న సంఘమే 1937లో ఆంధ్ర మహిళాసభ అయ్యెను. తాను వ్రాసిన కాశీ మెట్రిక్ పరీక్షకే ఇతర స్త్రీలను అచ్చట సిద్ధము చేసెడివారు. భర్తలు విడిచినవారు, వితంతువులు, చదువునకు నోచుకొననివారు ఎందరో ఆ నీడకు చేరిరి. వారి పోషణకై ఆమె ఇల్లిల్లు తిరిగి చందాలు అడిగెను. తన కొరకు ఎవరిని ఏమియు అడుగని ఆ ఆత్మాభిమానవతి ఇతరుల కొరకు చేయి చాచుటకు సిగ్గుపడలేదు.

1946లో ఆమె రాజ్యాంగసభకు ఎన్నికయ్యెను. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడుపుటకు ఏర్పరచిన అధ్యక్షవర్గమున స్త్రీ ఆమె ఒక్కతెయే. 1952 ఎన్నికలలో ఓడిపోయినను ఇంట కూర్చుండలేదు. ప్రణాళికా సంఘ సభ్యురాలయ్యెను. 1953 జనవరిలో, నాటి ఆర్థికమంత్రి శ్రీ చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ సంవత్సరమే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి మొదటి అధ్యక్షురాలయ్యెను. ఆ మండలి 1958లో ప్రారంభించినదే పెద్దవయసు స్త్రీల సంక్షిప్త విద్యా ప్రణాళిక. మా అమ్మను పంటి ఎక్కించినది అదియే.

ఇంతవరకు చెప్పి మా అమ్మ కొంతసేపు ఊరకుండెను. తరువాత ఇట్లనెను:

"చూడరా నాన్నా! ఆవిడకు అడుగడుగునా గోడలే అడ్డం వచ్చాయి. సాహసం ఉన్నవాళ్లు గోడ దూకి తమ దారిన తాము వెళ్లిపోతారు. ఆవిడ అలా వెళ్లలేదు. తాను దూకిన ప్రతిచోటా గోడకు ఒక తలుపు పెట్టి, దాన్ని తీసి ఉంచి మరీ వెళ్లింది. హాస్టలు లేకపోతే హాస్టలు పెట్టింది. ఆలస్యంగా చదువుకుంటే, ఆలస్యంగా చదువుకునేవాళ్లందరికీ బడి పెట్టింది. ఆ తలుపులోంచే నేను వచ్చాను. నేను ఎవరినో ఆవిడకు తెలియదు. తెలియకుండానే నాకు ఇంత అన్నం పెట్టింది. చుట్టమంటే ఇంకెవరురా?"

నేను తల వంచుకొంటిని. అప్పుడామె నా వీపుమీద చేయి వేసి, "నువ్వు రేవులో ఏడ్చిన ఏడుపు రెండేళ్లూ నా చెవుల్లోనే ఉంది. ఆ రోజు ఒక్కసారి వెనక్కి తిరిగి ఉంటే నేను వెళ్లగలిగేదాన్ని కాదు. అందుకే తిరగలేదు" అనెను.

ఇరువది సంవత్సరములుగా అలిగియున్న పిల్లవాని అలుక ఆ రాత్రి తీరినది. మరునాడు ప్రొద్దుట నేనును నూతివద్ద స్నానము చేసితిని. ఎవరికొరకో మా అమ్మకు చెప్పలేదు. ఆమెయు అడుగలేదు.

కథ ఇంతటితో ముగిసినచో, నేను మంచి గుణమును నేర్చుకొంటినని మీరు తలంతురు. నేర్చుకొనుట అంత సులభము కాదు. 2004లో నేనొక ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడను. ఆగస్టు నెల చివర ఒక బాలిక తన మేనత్తను వెంటబెట్టుకొని నా గదికి వచ్చెను. వయస్సు పదునేడు. ఎనిమిదవ తరగతిలో ఉండగా చదువు మాన్పించి పెండ్లి చేసిరట. ఆ కాపురము నిలువలేదు. మరల చదువుకొందునని ఆ పిల్ల మెల్లగా అడిగెను. ప్రవేశముల గడువు దాటినది, వయస్సును మించినది, నిబంధనలు ఒప్పుకొనవని చెప్పి పంపివేసితిని. ఆ పిల్ల మరు మాటాడక నమస్కరించి వెళ్లిపోయెను.

ఆ సాయంకాలము ఈ సంగతి మా అమ్మకు చెప్పితిని. నిబంధనను తప్పలేదని లోలోపల నాకు కొంత గర్వము కూడ ఉండెను. "నెహ్రూగారు వచ్చినా టిక్కెట్టు లేనిదే వదలలేదు కదమ్మా మీ దుర్గాబాయమ్మ!" అంటిని.

అప్పటికి అరువదియారేండ్ల మా అమ్మ కండ్లజోడు తీసి నా వైపు చూచెను.

"ఆవిడ నెహ్రూగారిని ఆపింది టిక్కెట్టు తెచ్చుకుని లోపలికి రమ్మని కదరా! ఇంటికి పొమ్మని కాదు. మరి నువ్వు ఆ పిల్లకు టిక్కెట్టు ఎక్కడ దొరుకుతుందో చెప్పావా?"

నేను చెప్పలేదు. చెప్పవలెనన్న తలంపే నాకు తోచలేదు. దుర్గాబాయమ్మగారి కథలో సగమును మాత్రమే నేను జ్ఞాపకముంచుకొంటిని. నాకు అనుకూలమైన సగమది.

మరునాడు తెల్లవారుచుండగనే సైకిలుమీద ఆ బాలిక ఊరు వెదకికొని పోయితిని. బడిలో చేర్చుకొనుటకు వీలు లేకున్నను, ప్రైవేటుగా పదవ తరగతి పరీక్షకు కూర్చుండవచ్చునని ఆమె పెద్దలకు చెప్పితిని. సాయంకాలములందు మేము కొందరము ఉపాధ్యాయులము ఆమెకు పాఠములు చెప్పితిమి. తెలుగు పాఠము మాత్రము మా అమ్మయే చెప్పెను. ఆ పిల్ల రెండవసారి ప్రయత్నమున నెగ్గెను. నేడామె తన ఊరిలో అంగన్‌వాడీ కార్యకర్త. ఆ సంవత్సరము నా గుమ్మము ఎక్కి వెనుదిరిగిన వారిని, అంతకుముందటి సంవత్సరములలో వెనుదిరిగిన వారిని తలచుకొన్నప్పుడు మాత్రము నాకు ఇప్పటికిని మనస్సు కలుక్కుమనును. వారందరి ఊళ్లు నాకు తెలియవు.

దుర్గాబాయమ్మగారికి 1975లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదము నిచ్చి గౌరవించినది. కుటుంబ తగవులకు వేరుగా న్యాయస్థానములు ఉండవలెనని ఆమె 1953లో చైనా చూచివచ్చిన నాటి నుండి చెప్పుచుండెను. ఆ శాసనము 1984లో, ఆమె పోయిన మూడేండ్లకు వచ్చినది. ఢిల్లీలో ఒక మెట్రో స్టేషనుకు ఆమె పేరు పెట్టిరి. ఇవి అన్నియు గొప్ప గౌరవములే. కాని, గోదావరి ఒడ్డున ఒక పల్లెలో, ఆమెను ఎన్నడును చూడని ఒక ఉపాధ్యాయురాలు నూతివద్ద పోసికొన్న రెండు చేదల నీళ్లు వీటన్నింటికంటె నాకు గొప్పవిగా తోచును.

మా అమ్మ కూడ ఇప్పుడు లేదు. బాలబాలికలారా, మీరును పెద్దవారై ఏదో ఒక ద్వారమువద్ద నిలువవలసినవారే. అది బడి గుమ్మము కావచ్చును. ఆస్పత్రి గుమ్మము కావచ్చును. కచేరీ గుమ్మము కావచ్చును. వచ్చినవాడు ఎంత గొప్పవాడైనను టిక్కెట్టు అడుగుడు; అందులో తప్పు లేదు. వచ్చినవాడు ఎంత చిన్నవాడైనను ఆ టిక్కెట్టు దొరకు చోటు చూపుడు. అది మాత్రము మరువకుడు.